ఒకే నంబర్, సైట్‌కో లెక్క: తప్పు చలానా వస్తే ఎక్కడ దిద్దించాలి?

మలక్‌పేట్_స్కూటర్ అడిగిన ప్రశ్న

నమస్కారమండి. టీఎస్ 11 ఈఎఫ్ సిరీస్ స్కూటర్. తెలంగాణ పోలీసు ఈ-చలానా సైట్‌లో నంబర్ కొడితే రెండు పెండింగ్ చూపిస్తోంది. ఒకటి హెల్మెట్ చలానా, అది నిజమే. యూపీఐలో కట్టాం, ఖాతాలోంచి డబ్బు పోయింది, సైట్‌లో మాత్రం ఇంకా పెండింగే. రెండోది సిగ్నల్ జంపింగ్. దాని ఫొటోలో ఉన్నది నల్ల మోటార్‌సైకిల్. ఇది తెల్ల స్కూటర్.

ఇదే నంబర్‌ని కేంద్రం వాళ్ళ పరివాహన్ ఈ-చలానా సైట్‌లో కొడితే చలానాలేమీ లేవంటోంది. వచ్చే నెల బండి అమ్మాలి. ఈ సైట్లకి ఒకదానితో ఒకటి సంబంధం ఉందా? తప్పు చలానా తీయించాలంటే ఆర్టీఏకి వెళ్ళాలా, ట్రాఫిక్ పోలీస్ స్టేషన్‌కా? కొంచెం డబ్బే కదా, కట్టేసి వదిలించుకోమని కొందరంటున్నారు. అది సరైన పనేనా?

డేటా_మేస్త్రి

ఒక్క సంగతి తేల్చుకుంటే మిగతా చిక్కులు వాటంతటవే విడిపోతాయండి. చలానా ఒక చోట ఉంటుంది, బండి వివరాలు ఇంకో చోట ఉంటాయి. ఆ రెండింటినీ కలిపేది ప్లేట్ మీద రాసిన నంబర్ ఒక్కటే.

తేదీ, సమయం, జరిగిన చోటు, ఏ స్టేషన్ పరిధి, ఏ ఉల్లంఘన, ఎంత జరిమానా, ఫొటో... ఇవన్నీ పోలీసుల ఈ-చలానా డేటాబేస్‌లో ఉంటాయి. ఓనర్ పేరు, చిరునామా, ఫోన్ నంబర్, కంపెనీ, మోడల్, రంగు, ఇంజిన్, ఛాసిస్ నంబర్లు రవాణా శాఖ డేటాబేస్‌లో ఉంటాయి. కేంద్రంలో ఎన్ఐసీ (కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ విభాగం) నడిపేవి వేరు: బండ్లకు వాహన్, లైసెన్సులకు సారథి, వాటిని ఆధారం చేసుకుని నడిచే పరివాహన్ ఈ-చలానా. తెలంగాణ చాలాకాలం వాహన్‌లో చేరకుండా సొంత డేటాబేస్ నడుపుకుంది. 2016లో వచ్చిన ఆర్టీఏ ఎం-వాలెట్ (ఆర్సీ, లైసెన్సు ఫోన్‌లో చూపే యాప్) కూడా ఆ సొంత డేటా మీద కట్టిందే. కాబట్టి పరివాహన్‌లో ఏమీ లేదని చూపిస్తే చలానా లేదని అర్థం కాదు, ఆ సంగతి ఆ సైట్‌కి చేరలేదని అర్థం. హైదరాబాద్‌లో పడిన చలానాకి తెలంగాణ పోలీసు సైట్‌లో ఉన్నదే లెక్క.

మీ బండి పక్క రాష్ట్రాలకు వెళ్ళి ఉంటే మాత్రం పరివాహన్‌లోనూ, ఆ రాష్ట్రం సొంత సైట్ ఉంటే అందులోనూ విడిగా వెతకాలి. మహారాష్ట్రలోనో బెంగళూరులోనో పడిన చలానా మన సైట్‌లో కనిపిస్తుందని అనుకోవద్దు. పరివాహన్‌లో నంబర్‌తో పాటు ఇంజిన్ లేదా ఛాసిస్ నంబర్ చివరి 5 అక్షరాలు అడుగుతుంది, ఆర్సీ దగ్గర పెట్టుకోండి. ప్లేట్ మీద 45 అని ఉన్నా అక్కడ 0045 అని నాలుగు అంకెలూ కొట్టాలి. లేకపోతే బండే లేదంటుంది.

ఇక నల్ల మోటార్‌సైకిల్ సంగతి. బండి ఆపకుండా, ఫొటో తీసి వేసే చలానా ఎలా పుడుతుందో చూస్తే తప్పు ఎక్కడ దూరుతుందో తెలుస్తుంది. కూడలిలో కెమెరా గానీ, కానిస్టేబుల్ చేతిలో కెమెరా గానీ ఫొటో తీస్తుంది. ఆ ఫొటోలోని నంబర్‌ని సాఫ్ట్‌వేర్ చదువుతుంది, లేదా ఆఫీసులో ఆపరేటర్ చూసి కొడతాడు. నంబర్ పడగానే రవాణా శాఖ డేటా నుంచి మోడల్, రంగు, ఓనర్ వివరాలు తెర మీదికి వస్తాయి. ఫొటోలోని బండి, తెర మీది మోడల్ ఒకటేనా అని చూడాల్సిన క్షణం అదే. రోజుకు వందల ఫొటోలు దాటించే చోట ఆ చూపు తప్పిందంటే చలానా పుట్టేసినట్టే. ఆ తర్వాత ఎస్ఎంఎస్ వెళ్ళడం, సైట్‌లో కనబడడం అంతా దానంతటదే జరిగిపోతుంది. మళ్ళీ ఎవరూ చూడరు.

అంటే ఈ తప్పు రవాణా శాఖది కాదు. వాళ్ళ దగ్గర మీ స్కూటర్ స్కూటర్‌గానే ఉంది. ఆర్టీఏ కౌంటర్‌లో ఎంతసేపు నిలబడినా వాళ్ళు చలానా తీయలేరు, వాళ్ళ సాఫ్ట్‌వేర్‌లో ఆ మీటే ఉండదు. అదే ఆర్సీలో పేరో, ఫోన్ నంబరో, రంగో తప్పుగా ఉంటే పోలీసులు దిద్దలేరు, వాళ్ళది అరువు తెచ్చుకున్న సమాచారం. ఎక్కడ పుట్టిన తప్పు అక్కడే దిద్దించాలి.

చలానా పట్టికలో 'యూనిట్ నేమ్' (చలానా వేసిన పోలీసు కమిషనరేట్ పేరు) అని ఒక గడి ఉంటుంది, దాన్ని తప్పకుండా చూడండి. చలానా నంబర్ మొదటి మూడు అక్షరాలు కూడా అదే చెబుతాయి: హైదరాబాద్‌కి హెచ్‌వైడీ, సైబరాబాద్‌కి సీవైబీ, రాచకొండ కమిషనరేట్ ఉన్నప్పుడు వేసినవాటికి ఆర్‌సీకే. రద్దు చేసే అధికారం ఆ చలానా పుట్టించిన యూనిట్‌కే ఉంటుంది. మలక్‌పేట్‌లో ఉంటున్నామని మలక్‌పేట్ ట్రాఫిక్ స్టేషన్‌కి వెళితే, చలానా ఇంకో కమిషనరేట్‌ది అయినప్పుడు వాళ్ళు చేయగలిగింది ఏమీ లేదు. ఫిర్యాదులు ఆలస్యం కావడానికి సగం కారణం ఇదే, సరైన కాగితం తప్పు గుమ్మానికి వెళ్ళడం.

ఖైరతాబాద్_ఫారం30

డేటా_మేస్త్రి గారు చెప్పిందానికి ఇంకొంచెం కలుపుతున్న. కట్టిన హెల్మెట్ చలానా ముందు చూద్దాం, అది తేలికది.

డబ్బు మీ బ్యాంకు నుంచి పేమెంట్ గేట్‌వేకి (మధ్యలో చెల్లింపు నడిపే సంస్థకి), అక్కడ్నుంచి పోలీసు ఖాతాకి పోతది. 'కట్టేసిండు' అని గేట్‌వే పంపే కబురు ఈ-చలానా సర్వర్‌కి చేరితేనే పెండింగ్ పోతది. నెట్ తెగినా, మీరు బ్యాంకు పేజీ నుంచి వెనక్కి రాకముందే కిటికీ మూసేసినా ఆ కబురు ఆగిపోతది. పైసలు పోయినట్టు కాదు. గేట్‌వే లెక్కలు, పోలీసు లెక్కలు తర్వాత సరిచూసినప్పుడు పెండింగ్ తీసేస్తరు, లేదంటే పైసలు వాపస్ వస్తయి. ఒకటి రెండు పనిదినాలు ఆగుండ్రి. ఈలోపు మళ్ళీ కట్టకుండ్రి, రెండుసార్లు కట్టినంక ఒకటి వెనక్కి తెచ్చుకునుడు పెద్ద తిప్పలు. అప్పటికీ పెండింగే ఉంటే యూపీఐ లావాదేవీలో ఉండే 12 అంకెల యూటీఆర్ నంబర్, చలానా నంబర్, కట్టిన తేదీ, మొత్తం రాసి యూనిట్‌కి పంపుండ్రి. మొత్తం రాసేటప్పుడు జరిమానా మీద 35 రూపాయల యూజర్ ఛార్జీ కలిపి రాయాలె. స్పీడు చలానా వెయ్యి అయితే కట్టేది 1,035 ఎందుకవుతదంటే అందుకే. లెక్క రూపాయి తేడా వచ్చినా మనిషి చేత్తో వెతికేటప్పుడు దొరకదు.

ఇప్పుడు అమ్మే సంగతి. ఇది అన్నిటికన్నా ముఖ్యం. బండి తాళాలు ఇచ్చేస్తే ఓనర్ మారడు, ఆర్సీలో పేరు మారితేనే మారతడు. పోలీసు సర్వర్ నంబర్ పట్టుకుని ఆర్టీఏని అడిగితే ఆ రోజు ఎవరి పేరుంటే వాళ్ళకే ఎస్ఎంఎస్ పోతది. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం అమ్మినాయన 14 రోజుల్లో, కొన్నాయన 30 రోజుల్లో ఆర్టీఏకి తెలపాలె. అమ్మినట్టు తెలిపేది ఫారం 29, పేరు మార్పుకు దరఖాస్తు ఫారం 30. లోను ఉంటే ముందు ఫారం 35 మీద ఫైనాన్స్ వాళ్ళ సంతకం తీసుకుని హైపోథికేషన్ (ఆర్సీలో బండి లోను మీద ఉందని రాసిన మాట) కొట్టేయించాలె. బండి వేరే రాష్ట్రానికి పోతుంటే ఫారం 28తో ఎన్ఓసీ.

చాలామంది ఖాళీ ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి పాత బండ్లు కొని అమ్మే కన్సల్టెన్సీకి ఇచ్చేస్తరు. ఆ కాగితాలు బీరువాలో ఉంటయి, బండి ముగ్గురి చేతులు మారతది, చలానాలు మాత్రం మొదటాయన ఫోన్‌కి వస్తనే ఉంటయి. చలానాతో పోతే ఫర్వాలేదు, యాక్సిడెంట్ అయితే? 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది, రిజిస్టర్‌లో ఎవరి పేరుంటే వాళ్ళే ఓనర్, నష్టపరిహారం బాధ్యత కూడా వాళ్ళదే అని. కొన్నాయన పేరు రాసిన ఫారం మీదనే సంతకం పెట్టుండ్రి, స్లాట్ బుక్ అయినాకే బండి ఇవ్వుండ్రి.

మలక్‌పేట్_స్కూటర్

చాలా థాంక్సండి. యూనిట్ చూశాను, మాది కాని కమిషనరేటే. ఫొటో పెద్దది చేసి చూస్తే ప్లేట్ మీద సిరీస్ ఈఎఫ్ లాగానే కనిపిస్తోంది, కానీ ఎఫ్ కింద ఒక స్క్రూ ఉంది. చివరి నాలుగు అంకెలు మావే. ఇది ఎవరైనా మా నంబర్ కావాలని పెట్టుకున్నారనుకోవాలా?

ప్లేట్_పరీక్ష

అన్నా, ఆ స్క్రూ దగ్గరే ఆగండి. ఇంగ్లీషు ఈ అక్షరానికి కింది గీత ఉన్నచోట మెరిసే స్క్రూ బిగించినా, మట్టి పట్టినా, పెయింట్ లేచినా అది ఎఫ్ అయిపోతుంది. మీది ఈఎఫ్ అయితే అక్కడున్నది ఈఈ కావచ్చు. కెమెరా పైనుంచి వంపుగా తీస్తుంది కాబట్టి ఇలాంటివి ఇంకా ఎక్కువ మోసం చేస్తాయి. 8 – బీ, సున్నా – డీ, 3 – 8, ఎం – ఎన్, వీ – వై జంటలు కూడా ఇంతే.

సిరీస్ చదవడంలో ఇంకో ఆధారం ఉంది. మన దగ్గర టీ, యూ, వీ, డబ్ల్యూ, ఎక్స్, వై అక్షరాలతో మొదలయ్యే సిరీస్‌లు ఆటోలు, క్యాబ్‌లు, లారీలు లాంటి ట్రాన్స్‌పోర్ట్ బండ్లవి. జెడ్ ఆర్టీసీది, పీ పోలీసు బండ్లది. ఎవరి కారు మీదైనా ఆటో ఫొటోతో చలానా వస్తే ముందు సిరీస్ మొదటి అక్షరం చూడండి, చాలాసార్లు అక్కడే దొరికిపోతుంది.

2024 మార్చి నుంచి మరో గందరగోళం కలిసింది. కొత్త బండ్లకు టీఎస్ బదులు టీజీ వస్తోంది. పాత టీఎస్ నంబర్లు అలాగే ఉంటాయి, మార్చుకోనక్కర్లేదు. కానీ కొందరు సరదాకి పాత ప్లేట్ మీద ఎస్ తీసేసి జీ స్టిక్కర్ వేసుకుంటున్నారు. దాంతో ఆ బండి డేటాబేస్‌లో లేని నంబర్‌తోనో, ఇంకొకరి నంబర్‌తోనో తిరుగుతున్నట్టు. ఆపరేటర్ అలవాటుగా టీఎస్ అని కొట్టి అది నిజంగా టీజీ అయినా ఇదే గతి. రాష్ట్రం విడిపోకముందు నంబర్ పొందిన ఏపీ 09, ఏపీ 11 బండ్లు నగరంలో ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. మొదటి రెండు అక్షరాలు తప్పుపడితే మిగతాదంతా సరిగ్గా ఉన్నా ఓనర్ వేరే మనిషి.

మీరు ఫిర్యాదులో 'ఫేక్ ప్లేట్' అని తేల్చి రాయకండి. 'ఫొటోలోది మోటార్‌సైకిల్, ఆర్సీ ప్రకారం మాది స్కూటర్. ప్లేట్ మీద సిరీస్ ఈఎఫ్ కాక ఈఈ అయ్యే అవకాశం ఉంది, ఆ నంబర్ కూడా సరిచూడగలరు' అని రాయండి. అవతలి ఆపరేటర్‌కి ఆర్టీఏ తెర ముందే ఉంటుంది, ఈఈ నంబర్ కొట్టగానే నల్ల మోటార్‌సైకిల్ అని వస్తే పని నిమిషంలో అయిపోతుంది. చలానా అసలు మనిషికి మారుతుంది, మీది పోతుంది.

జతచేయాల్సినవి: చలానా పూర్తి పేజీ స్క్రీన్‌షాట్, ఆ ఫొటో విడిగా, ఆర్సీ కాపీ, మీ బండి ముందు నుంచీ వెనక నుంచీ పక్క నుంచీ పగటి వెలుగులో తీసిన ఫొటోలు. వెనక ఫొటోలో ప్లేట్ అంచులు, బండి రంగు, టెయిల్ లైటు ఒకే చట్రంలో పడాలి. హై సెక్యూరిటీ ప్లేట్ ఉంటే ఇంకో దగ్గరి ఫొటో తీయండి. ఎడమవైపు పైన క్రోమియం అశోకచక్రం హోలోగ్రామ్, దాని కిందివైపు లేజర్‌తో చెక్కిన కోడ్ ఉంటాయి. ఆ కోడ్ ఒక్కో ప్లేట్‌కి ఒక్కోటి, మామూలు షాపులో కొట్టించిన ప్లేట్ మీద రాదు. 2019 ఏప్రిల్ 1 తర్వాత తయారైన బండ్లకి ఈ ప్లేట్ కంపెనీ నుంచే వస్తుంది. పాత బండి అయితే పెట్టించుకోండి, తర్వాత తగువు వస్తే మీ పక్షాన నిలబడేది అదే.

ఈఈ సరిపోలకపోతే, పైగా వేరే తేదీల్లో అదే మోటార్‌సైకిల్ ఫొటోతో మళ్ళీ చలానా వస్తే, అప్పుడు మాత్రం డూప్లికేట్ ప్లేట్ అనే అనుకోవాలి. ఇక ఈ-చలానా విభాగానికి మెయిల్ పెట్టి ఊరుకుంటే చాలదు. మీ ప్రాంతపు శాంతిభద్రతల స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి మోసం, ఫోర్జరీ కింద కేసు పెట్టమని అడగండి. ఎఫ్ఐఆర్ సీసీటీఎన్ఎస్‌లోకి ఎక్కుతుంది. అది ఈ-చలానాతో సంబంధం లేని మరో వ్యవస్థ, 2009లో మొదలైన దేశవ్యాప్త నేర రికార్డుల నెట్‌వర్క్. కాబట్టి ఎఫ్ఐఆర్ అయిందని చలానా దానంతటదే రద్దవదు. ఎఫ్ఐఆర్ నంబర్ తీసుకెళ్ళి చలానా యూనిట్‌కి విడిగా ఇవ్వాలి, నంబర్ చదివే కెమెరాల్లో ఈ నంబర్‌ని అలర్ట్‌లో పెట్టమని కూడా ఆ కాగితంలోనే కోరాలి. బండి ఆ సమయానికి ఎక్కడుందో చెప్పే ఆధారం ఏదున్నా పెట్టండి: సర్వీస్ సెంటర్ జాబ్ కార్డ్, ఆఫీస్ పార్కింగ్ రికార్డు, కార్లకైతే ఫాస్టాగ్ స్టేట్‌మెంట్. ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్) ఎక్కిన చోటు, దిగిన చోటు, సమయం ఫాస్టాగ్‌లో ఉంటాయి, అంతకు మించిన సాక్ష్యం దొరకదు.

సెక్షన్_చూసేవాడు

'కట్టేసి వదిలించుకోండి' అన్న సలహా మాత్రం వినొద్దండి. చలానా కట్టడమంటే చట్టం మాటల్లో కాంపౌండింగ్, 200వ సెక్షన్. నేరం ఒప్పుకుని రాజీ చేసుకున్నట్టు. కట్టాక 'అది నా బండి కాదు' అంటే వినేవాళ్ళుండరు, ఆ ఉల్లంఘన మీ నంబర్ చరిత్రలో ఉండిపోతుంది. డూప్లికేట్ ప్లేట్ అయితే ఇంకా ప్రమాదం. ఆ మోటార్‌సైకిల్ రేపు ఎవరినైనా గుద్ది వెళితే, దాని పాత చలానా మీరే కట్టారన్నది మీకు వ్యతిరేకంగా కనబడుతుంది.

డిస్కౌంట్ వచ్చినప్పుడూ ఇదే జాగ్రత్త. 2022 మార్చిలో టూ వీలర్లకు 75 శాతం, 2023 డిసెంబరు చివర్లో 80 శాతం మాఫీ ఇచ్చారు. అలాంటప్పుడు జనం ఫొటో తెరవకుండానే అన్నీ టిక్ పెట్టి కట్టేస్తారు. నిజమైన వాటిని టిక్ పెట్టండి, తప్పుదాన్ని వదిలేయండి. లోక్ అదాలత్‌లోనూ అంతే, అక్కడ జరిగేది రాజీ. తప్పు చలానాకి రాజీ కాదు కావలసింది, రద్దు.

చట్టంలో మీకు ఆసరా ఉంది. 2019 సవరణ చట్టంతో 136ఏ సెక్షన్ వచ్చింది, దాని కింద 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 167ఏ చేర్చారు. కెమెరాతో పట్టుకున్న ఉల్లంఘనకి నోటీసు 15 రోజుల్లో పంపాలని, నంబర్ ప్లేట్ కనబడే స్పష్టమైన ఫొటో, తేదీ, సమయం, చోటు అందులో ఉండాలని, కేసు తేలేదాకా ఆ ఎలక్ట్రానిక్ రికార్డు దాచాలని అది చెబుతుంది. స్పీడు కేసయితే పరికరం చూపిన వేగం కూడా కావాలి. ఫొటోలో నంబర్ మసకగా ఉంటే అసలు ఫైల్ చూపమని అడగండి. సైట్‌లో పెట్టేది బరువు తగ్గించిన బొమ్మ, అసలుది ఇంకా స్పష్టంగా ఉంటుంది. పంపినవాటి తేదీలు, వచ్చిన జవాబులు దాచుకోండి. జవాబు రాకపోతే అదే మెయిల్‌ని పాత తేదీతో సహా ట్రాఫిక్ డీసీపీ ఆఫీసుకి పంపండి. కోర్టుకి వెళ్ళినా మెజిస్ట్రేట్ ముందు పెట్టాల్సింది ఈ కట్టే.

ఒక తేడా గుర్తుంచుకోండి. బండి మీదే అయి, నడిపింది వేరేవాళ్ళయితే అది తప్పు చలానా కాదు. 133వ సెక్షన్ కింద ఎవరు నడిపారో చెప్పాల్సిన బాధ్యత ఓనర్‌దే. డ్రంక్ అండ్ డ్రైవ్ కేసులు మాత్రం ఈ దారిలోకి రావు. 185 సెక్షన్ కింద కోర్టులో ఛార్జ్‌షీట్ పడుతుంది, జరిమానా కోర్టులోనే తేలుతుంది, ఈ-చలానా సైట్‌లో ఏమీ లేదని ఊరట పడొద్దు.

లింకుల విషయం కూడా చెప్పాలి. 2023 డిసెంబరు మాఫీ సమయంలో అసలు సైట్ పేరుని పోలిన నకిలీ సైట్ పెట్టి డబ్బు గుంజారు. ఇప్పుడు వాట్సాప్‌లో 'ఆర్టీఓ చలానా' అని ఏపీకే ఫైల్ పంపుతున్నారు, అది నొక్కితే ఫోన్‌లోని ఎస్ఎంఎస్‌లు, ఓటీపీలు వాళ్ళ చేతికి పోతాయి. చలానా ఎప్పుడూ యాప్ ఫైల్‌గా రాదు. మెసేజ్‌లో లింకు నొక్కకుండా, గవ్ డాట్ ఇన్‌తో ముగిసే సైట్ మీరే టైప్ చేసి నంబర్ కొట్టి చూసుకోండి.

మలక్‌పేట్_స్కూటర్

అందరికీ థాంక్సండి. ఈఈ, ఈఎఫ్ సంగతి రాసి మెయిల్ పెడుతున్నాను. ఒక్క అనుమానం మిగిలింది. ఈ తప్పు చలానా పెండింగ్‌లో ఉండగా బండి అమ్మొచ్చా? కొనేవాళ్ళు దొంగబండేమోనని కూడా అడుగుతున్నారు.

ఖైరతాబాద్_ఫారం30

దొంగబండా కాదా అనేది చలానా సైట్‌లో తెలవదు. దానికి ఎన్‌సీఆర్‌బీ (కేంద్ర నేర రికార్డుల సంస్థ) డిజిటల్ పోలీస్ పోర్టల్‌లో వెహికల్ ఎన్ఓసీ తీసుకోవచ్చు, నంబర్, ఛాసిస్, ఇంజిన్ వివరాలతో పోయిన బండ్ల రికార్డులో వెతికి కాగితం ఇస్తది. కొనేటాయనకి అది చూపించుండ్రి.

తప్పు చలానా మాత్రం మీ పేరు మీద ఉండగానే తీయించుకోండ్రి. పేరు మారినంక కొన్నాయన ఫిర్యాదు పెడితే ఆ తేదీన బండి ఆయనది కాదు, మీరు పెడితే ఇప్పుడు ఓనర్ మీరు కాదు, ఇద్దర్నీ తిప్పుతరు. నెలలోపు తేలకపోతే అమ్మకం కాగితంలో ఆ చలానా నంబర్ రాసి, దాని బాధ్యత అమ్మినాయనదే అని ఇద్దరూ సంతకం పెట్టుండ్రి. బండి అప్పగించిన తేదీతో పాటు గంట, నిమిషం కూడా రాయుండ్రి. పొద్దున అమ్మితే సాయంత్రం కొన్నాయన సిగ్నల్ దాటొచ్చు, ఉత్త తేదీ ఉంటే ఆ చలానా ఎవరిదో తేలదు. ఓడోమీటర్ ఫొటో ఒకటి తీసుకోండ్రి. పేరు మారినంక వారం ఆగి ఆర్టీఏలో ఆ నంబర్ రికార్డు చూడుండ్రి, మీ పేరు పోయి కొత్త పేరు, కొత్త ఫోన్ నంబర్ ఎక్కాలె. పేరు మారి ఫోన్ నంబర్ మీదే ఉంటే ఎస్ఎంఎస్‌లు మీకే వస్తయి, అది ఆర్టీఏలో మార్పించుకునే పని.